మామునూరులో చిన్న విమానానికి చోటెక్కడ?

వరంగల్ దగ్గర మళ్లీ తెరుచుకోబోతున్న మామునూరు ఎయిర్‌పోర్టు మాట వస్తే ఓరుగల్లులో చర్చ రెండు మూడు ప్రశ్నల చుట్టే తిరుగుతుంది. పెద్ద విమానం ఎప్పుడు దిగుతుంది? తిరుపతికి, ఢిల్లీకి సర్వీసు పడుతుందా? భూములు ఇచ్చిన రైతులకు న్యాయం జరిగిందా? అన్నీ అడగాల్సినవే. ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది. ఇద్దరో నలుగురో కూర్చునే చిన్న విమానం సొంతానికి పెట్టుకుని, ఆదివారం పొద్దున రామప్ప చెరువు దాకా ఎగిరి రావాలనుకునే మనిషికి అక్కడ చోటుంటుందా?

డబ్బున్నోళ్ల సరదా అని దీన్ని పక్కన పెట్టేయడం సులువు. కానీ చిన్న విమానాలు తిరిగే ఊళ్లో ఉన్న పిల్లలకు పైలట్ అంటే పోస్టర్ మీది బొమ్మ కాదు, పలకరించగల మనిషి. మెకానిక్ పని నేర్చినవాళ్లకు ఇంజిన్ విప్పి బిగించే చోటు దొరుకుతుంది. ఈ రెండూ ఉత్తర తెలంగాణలో ఇప్పుడు లేవు. ఎందుకు లేవో తెలియాలంటే, ఒక చిన్న విమానం ఏడాది పొడవునా ఏం తింటుందో, ఏం అడుగుతుందో ముందు చూడాలి.

చిన్న విమానం అనగానే అందరూ అడిగేది ధర. నాలుగు సీట్ల సెస్నా 172 కొత్తది కావాలంటే అమెరికాలోనే నాలుగు లక్షల డాలర్ల పైమాట. 1955లో మొదటిసారి ఎగిరిన ఈ మోడల్ ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారైంది. ప్రపంచంలో ఇంకే విమానం అన్ని తయారు కాలేదు. అందుకే పాతవి తక్కువకే దొరుకుతాయి. మన దగ్గర అసలు దెబ్బ పన్ను దగ్గర పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్ల ప్రకారం సొంత వాడకానికి కొనే విమానానికి 40 శాతం పన్ను కట్టాలి. విలాస నౌకలతో కలిపి ఒకే గాటన కట్టేశారు. వ్యాపారవేత్త జెట్ విమానానికీ, ఇద్దరు కూర్చుంటే నిండిపోయే మైక్రోలైట్‌కీ ఒకే రేటు పెట్టడం సబబుగా లేదు.

మైక్రోలైట్ అంటే మనుషులు, ఇంధనంతో కలిపి మొత్తం బరువు 450 కిలోలకు మించని రెండు సీట్ల విమానం. ఖాళీ విమానమే 270 కిలోలు ఉందనుకుంటే, ఇద్దరు మంచి ఒళ్లున్న మనుషులు ఎక్కాక ట్యాంకులో పోయడానికి పెద్దగా మిగలదు. దానికి పై మెట్టు లైట్ స్పోర్ట్ విమానం, 600 కిలోల దాకా. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తయారుచేసిన రెండు సీట్ల హంస కూడా ఈ చిన్న విమానాల కుటుంబంలోదే. సెస్నా 172 వీటన్నిటికంటే పెద్దది. దాని కొత్త మోడళ్లు విమానం బరువుతో కలిపి మొత్తం 1,157 కిలోల దాకా ఉండొచ్చు. అయినా ట్యాంకులు నిండా నింపితే నలుగురు పెద్దవాళ్లు సామానుతో ఎక్కే పరిస్థితి ఉండదు. నాలుగు సీట్లున్నాయని నలుగురూ ఎక్కొచ్చని కాదు. కొనేవాళ్లు చాలామంది ఈ లెక్క ఆలస్యంగా తెలుసుకుంటారు.

ధర ఒక్కసారి కట్టేది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ కట్టాల్సింది వేరే ఉంటుంది. హ్యాంగర్ అద్దె, బీమా, ఎగరడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎయిర్‌వర్తీనెస్ తనిఖీ, రేడియోకు, అత్యవసర బీకన్‌కు పరీక్షలు. విమానం ఎగిరినా ఎగరకపోయినా ఇవి ఆగవు. లెక్క కోసం ఈ ఖర్చులన్నీ కలిపి ఏడాదికి 10 లక్షలు అనుకుందాం. ఏడాదిలో 20 గంటలు ఎగిరే యజమానికి గంటకు 50 వేలు పడుతుంది. అదే విమానాన్ని అయిదుగురు కలిసి పెట్టుకుని 100 గంటలు తిప్పితే గంటకు 10 వేలు. ఇంధనం దానికి అదనం. అందుకే చిన్న విమానాలు బతికేది క్లబ్బుల్లో, భాగస్వామ్యాల్లో. ఒక్కడే కొని ఒక్కడే ఎగరాలనుకుంటే చాలాసార్లు విమానం షెడ్డులోనే ఉండిపోతుంది.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. విమానం ఎగరడం వల్ల పాడయ్యేదానికంటే ఊరికే నిలబడితే పాడయ్యేదే ఎక్కువ. సెస్నాల్లో వాడే లైకమింగ్ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. ఇంజిన్ వారాల తరబడి ఆగితే దాని మీది నూనె పొర కిందికి జారిపోతుంది. గాలిలోని తేమ లోహాన్ని పట్టుకుంటుంది. తుప్పు చుక్కలు పడ్డ క్యామ్ తర్వాత నడిచేటప్పుడు పొరలు పొరలుగా లేస్తుంది. కనీసం నెలకోసారైనా ఆయిల్ బాగా వేడెక్కేలా ఏకబిగిన గంట సేపు ఎగరాలని తయారీదారు సలహా. నేల మీద పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఇంజిన్ సగం వేడెక్కి లోపల పుట్టిన నీటి ఆవిరి బయటికి పోకుండా ఆయిల్‌లోనే కలిసిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు కిందికి దిగి ఎగరడానికి వీలుకాని రోజులే ఎక్కువుండే వరంగల్‌లో ఇది చిన్న సమస్య కాదు. వానాకాలం ముందు ఇంజిన్‌లో భద్రపరిచే నూనె పోసి, స్పార్క్ ప్లగ్గుల చోట తేమ పీల్చే ప్లగ్గులు బిగించి పెట్టడం ఒక్కటే దారి.

మామూలు రోజుల్లో 50 గంటలకు ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. 50 గంటలు నిండకపోయినా నాలుగు నెలలు దాటితే మార్చాల్సిందే. తీసిన ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి లోహపు రజను కోసం చూస్తారు. ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో విప్పకుండా చెప్పే సాక్ష్యం అదే. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే మాగ్నెటోలను 500 గంటలకు విప్పి చూడాలి. చాలా లైకమింగ్ ఇంజిన్లకు 2,000 గంటలకు లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు, పూర్తి ఓవర్‌హాల్ చేయాలని సిఫార్సు ఉంది. ఏడాదికి 40 గంటలే ఎగిరేవాడికి గంటలు కాదు, క్యాలెండరే ముందు తలుపు తడుతుంది. మైక్రోలైట్లలో ఎక్కువగా కనిపించే రోటాక్స్ 912 ఇంజిన్‌కు రబ్బరు పైపులు, కార్బురేటర్ రబ్బరు భాగాలు అయిదేళ్లకోసారి మార్చాలి. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద ఆ రబ్బరు ఎలా గట్టిపడుతుందో చూసినవాళ్లు అయిదేళ్లు కూడా ఎక్కువే అంటారు.

ఇక మట్టి గూడు కట్టే కందిరీగ, అదే కుమ్మరి పురుగు. విమానం వేగం చూపించే పరికరానికి గాలి అందేది రెక్క కింద ఉండే పిటో గొట్టం ద్వారా. దాని నోరు పెన్సిల్ దూరేంత. కుమ్మరి పురుగుకు మట్టి గూడు కట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. గూడు కడితే రన్‌వే మీద విమానం పరుగు తీస్తున్నా వేగం ముల్లు కదలదు. అందుకే ఎర్ర గుడ్డ వేలాడే తొడుగు పెడతారు. ఒక్క రాత్రి అది పెట్టడం మరిచినా చాలు. ఇంధన ట్యాంకు గాలి గొట్టాలకూ ఇదే ప్రమాదం ఉంది. ఇంజిన్ మూత కింద పిట్టలు పుల్లలు పేర్చడం కూడా మామూలే. పొద్దున ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి వేలితో తాకి చూసే ఆ పావుగంటను తొందరపడి కుదించేవాడికి విమానం ఇవ్వకూడదు. ప్రతి ట్యాంకు అడుగు నుంచి గాజు గొట్టంలోకి కాస్త ఇంధనం తీసి నీళ్లు దిగాయేమో చూడడం కూడా ఈ పనిలో భాగమే.

పని చేయగల చేతులకు ఓరుగల్లులో కొరత లేదు. కాజీపేట రైల్వే షెడ్డులో, ములుగు రోడ్డు గ్యారేజీల్లో రోటాక్స్ కార్బురేటర్‌ను కళ్లు మూసుకుని విప్పగల మనుషులు దొరుకుతారు. కానీ విమానం దగ్గర నైపుణ్యం ఒకటే చాలదు, సంతకం కావాలి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్స్ ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీర్, అదీ ఆ రకం విమానానికి అధికారం ఉన్నవాడు, లాగ్‌బుక్‌లో సంతకం చేస్తేనే విమానం మళ్లీ ఎగురుతుంది. ఆ ఇంజినీర్ హైదరాబాద్ నుంచి రావాలంటే ఒక చిన్న పనికి ఒక రోజు జీతం, ప్రయాణం ఇవ్వాలి. విమానాన్నే అక్కడికి తీసుకెళ్దామంటే, దోషం ఉన్న విమానం ప్రత్యేక అనుమతి లేకుండా ఎగరకూడదు. ఒక్క టైరు పంక్చర్‌తో వారం పోతుంది. పది విమానాలు ఒకే చోట ఉంటే ఒక ఇంజినీర్‌కు అక్కడే కాపురం పెట్టేంత పని దొరుకుతుంది. ఒకటి రెండు విమానాలతో ఆ లెక్క ఎప్పటికీ కుదరదు.

ఇంధనం సంగతి ఇంకా చిక్కుది. లైకమింగ్ ఇంజిన్లు తాగేది నీలి రంగులో ఉండే ఏవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోల్. పెద్ద విమానాల ఏటీఎఫ్ దీనికి పనికిరాదు. అది కిరసనాయిలు జాతిది. చాలా కాలం మన దేశం ఏవ్‌గ్యాస్‌ను పూర్తిగా దిగుమతి చేసుకుంది. 2022లో ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీ నుంచి దేశీ ఏవ్‌గ్యాస్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మంచి అడుగే, కానీ అది దొరికే చోట్లు ఇప్పటికీ తక్కువ. ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో ఏటీఎఫ్ ట్యాంకులు ఎన్ని ఉన్నా, ఏవ్‌గ్యాస్ డ్రమ్ము లేకపోతే సెస్నా అక్కడ దిగి ఉండిపోవాల్సిందే. సెస్నా 172 గంటకు 30 నుంచి 35 లీటర్లు తాగుతుంది.

రోటాక్స్ 912 అందులో సగంతో సరిపెట్టుకుంటుంది, పైగా బంకు పెట్రోల్‌తో నడుస్తుంది. మైక్రోలైట్ల మీద ఆశ పుట్టించింది అదే. ఇప్పుడు ఆ ఆశకు కూడా గండి పడింది. దేశమంతా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చేసింది. రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం వరకే. మోటార్‌సైకిల్ అయితే మైలేజీ కాస్త తగ్గిందని సణిగి ఊరుకుంటాం. విమానంలో సంగతి వేరు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే, పైన చల్లగాలి తగలగానే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. ఇంజిన్‌కు ఇంధనం అందేది ఆ అడుగు నుంచే. ఫైబర్ ట్యాంకుల రెసిన్, పాత రబ్బరు సీళ్లు కూడా దీనికి మెత్తబడతాయి. పెట్రోల్‌లో ఇథనాల్ ఉందో లేదో చూడడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గీతలున్న గాజు గొట్టంలో కొలిచి నీళ్లు పోసి, పైన పెట్రోల్ పోసి బాగా కుదపాలి. కాసేపటికి తేరుకున్నాక నీళ్ల మట్టం పెరిగినట్టు కనిపిస్తే, పెరిగినంతా ఇథనాలే. విమాన ఇంజిన్ల కోసం ఇథనాల్ లేని పెట్రోల్‌ను ప్రతి శిక్షణ మైదానంలో అందుబాటులో ఉంచడం పెద్ద పని కాదు. కావాల్సినదల్లా అలాంటి అవసరం ఒకటుందని గుర్తించడం.

ఉత్తర తెలంగాణ వాతావరణం చిన్న విమానానికి కొంత స్నేహితుడే, కొంత శత్రువే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎగరడానికి మంచి కాలం. గోదావరి పక్కన తెల్లవారుజాము పొగమంచు ఒక్కటే అడ్డు, తొమ్మిదింటికల్లా అదీ తేలిపోతుంది. ఏప్రిల్, మే వేరే కథ. మామునూరు సముద్రమట్టానికి సుమారు 285 మీటర్ల ఎత్తులో ఉంది. ఎండ 43 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం దృష్టిలో ఆ రన్‌వే 1,400 మీటర్ల కొండ మీద ఉన్నట్టే. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. గాలి పలచబడితే ఇంజిన్ శక్తి, ప్రొపెల్లర్ లాగుడు, రెక్కల లేపుడు మూడూ ఒకేసారి తగ్గుతాయి. సెస్నా 172కు నేల విడవడానికి మామూలు కంటే మూడో వంతు ఎక్కువ పరుగు కావాలి. పైకెక్కే వేగం సుమారు అయిదో వంతు తగ్గుతుంది. మామునూరులో ఉన్న 1.8 కిలోమీటర్ల రన్‌వేకు పరుగు పెద్ద లెక్క కాదు. అసలు టెన్షన్ నేల విడిచిన తర్వాత. నిండు బరువుతో, బొటాబొటిగా ఎక్కుతున్న విమానం ఎండకు లేచే సుడిగాలుల్లో ఊగుతుంటే కొత్త పైలట్ ముక్కును ఇంకా పైకి లాగుతాడు. వేగం పడిపోతుంది, రెక్క పట్టు తప్పుతుంది. రామగుండం వైపు ఎండ ఇంకాస్త ఎక్కువే. వేసవిలో తొమ్మిదింటిలోపు ఎగిరి దిగెయ్యాలి. ఆ తర్వాత విమానాన్ని కదపకపోవడమే మంచిది.

అయితే దారి వెతుక్కోవడానికి ఇంత అనుకూలమైన నేల తక్కువ. కంటిచూపుతో ఎగిరే పైలట్‌కు గుర్తులు కావాలి. ఇక్కడ వాటికి కొదవ లేదు. కాజీపేట నుంచి రైలు పట్టాలు సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ వైపు మూడుగా చీలతాయి. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ కరీంనగర్ దగ్గర దిగువ మానేరు డ్యాం మీదుగా ఓరుగల్లు దాకా గీత గీసినట్టు వస్తుంది. రామగుండం ఎన్టీపీసీ పొగ గొట్టాలు, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు దూరం నుంచే తెలుస్తాయి. పాఖాల, లక్నవరం, రామప్ప చెరువులు పైనుంచి వరుసగా పలకరిస్తాయి. కాకతీయులు తవ్వించిన చెరువుల గొలుసు పూర్తి ఆకారం అర్థమయ్యేది పైనుంచి చూస్తేనే. చిన్న విమానం ఇక్కడివాళ్లకు ఇవ్వగలిగిన గొప్ప కానుక అదే.

ఒకే ఇంజిన్ ఉన్న విమానంలో ప్రతి నిమిషం ఇంకో చూపు కూడా ఉండాలి. ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగాలి? సెస్నా 172 మూడు వేల అడుగుల ఎత్తు నుంచి గాలి లేని రోజు ఎనిమిది కిలోమీటర్ల వరకు జారుతూ వెళ్తుంది. ఆ ఎనిమిదిలోపు చోటు దొరకాలి. నాట్లు వేసిన పొలంలో దిగితే చక్రాలు బురదలో దిగబడి విమానం తలకిందులవుతుంది. కోత అయిపోయిన పొలం గట్టిగా కనిపించినా మళ్ల మధ్య గట్లు ముందు చక్రాన్ని విరిచేస్తాయి. పత్తి తీసేసిన చెల్క ఈ ప్రాంతంలో కొంత నయం. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ గుట్టలు, క్వారీ గుంతలు. రామగుండం నుంచి నలువైపులా హైటెన్షన్ తీగలు. ఏటూరునాగారం అడవి మీద అయితే దిగే చోటే లేదు. ఆ దారిలో వెళ్లాలంటే ఎత్తు పెంచి గోదావరి ఇసుకను చూపులో పెట్టుకుని వెళ్లాలి. ఏ పంట ఏ నెలలో ఏ దశలో ఉంటుందో తెలిసిన రైతుబిడ్డ ఇక్కడ మంచి పైలట్ అవుతాడు.

ఆకాశం ఖాళీగా కనిపిస్తుంది కానీ ఖాళీ కాదు. హైదరాబాద్‌కు ఉత్తరాన దుండిగల్, హకీంపేట వైమానిక దళ శిక్షణ కేంద్రాలున్నాయి. మామునూరు నుంచి బేగంపేట నేరుగా చూస్తే 130 కిలోమీటర్లు, చిన్న విమానంలో 40 నిమిషాల దూరం. కానీ ఆ దారిలో ఏ ఎత్తులో, ఏ సమయంలో వెళ్లాలో ముందే తేల్చుకోవాలి. ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, వైమానిక దళం నుంచి ఏడీసీ (గగనతల రక్షణ అనుమతి) నంబరు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నుంచి ఎఫ్‌ఐసీ నంబరు తీసుకోవాలి. కారు తాళం తీసుకుని బయల్దేరినట్టు కుదరదు. దేశ భద్రతకు ఇది అవసరమే. అయితే ఊరి చుట్టూ 20 కిలోమీటర్లలో, రెండు వేల అడుగుల లోపు తిరిగే మైక్రోలైట్లకు ముందే గీసిపెట్టిన స్థానిక ప్రాంతం ఒకటుంటే అందరికీ పని తగ్గుతుంది.

లైసెన్స్ గురించి భయపడాల్సింది తక్కువే. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి, రెండో తరగతి మెడికల్, 40 గంటల ఎగురుడు, రాత పరీక్షలు. ఈ లైసెన్స్‌తో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. అసలు ఇబ్బంది ఆ 40 గంటలు ఎక్కడ ఎగరాలన్నదే. వరంగల్ కుర్రాడు అందుకోసం హైదరాబాద్‌లోనో, అంతకంటే దూరంలోనో నెలల తరబడి ఉండాలి.

దీంతో మాట మళ్లీ మామునూరుకే వస్తుంది. నిజాం పాలనలో 1930లో, 1,875 ఎకరాల్లో కట్టిన ఈ మైదానంలో పైలట్ల శిక్షణకు కూడా ఏర్పాటు ఉండేది. 1981 దాకా విమానాలు దిగాయి. తర్వాత భూమి వేరే అవసరాలకు పోతూ పోతూ విమానాశ్రయ సంస్థ చేతిలో 696 ఎకరాలు మిగిలింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు 150 కిలోమీటర్లలోపు ఇంకోటి రాకూడదన్న ఒప్పంద నిబంధన తొలగి, 2025 ఫిబ్రవరి చివర కేంద్రం అనుమతి ఇచ్చింది. అదనంగా 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు కేటాయించింది. రన్‌వేను 2.8 కిలోమీటర్లకు పెంచి పెద్ద విమానాలు దించాలన్నది ఆలోచన. దాన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు.

నక్షా గీసే ఈ దశలోనే చిన్న విమానాలకు మూల ఒకటి వదిలిపెట్టాలి. సెస్నా 172 రెక్కల వెడల్పు 11 మీటర్లు, పొడవు 8.3 మీటర్లు. పది విమానాలకు షెడ్లు, మధ్యలో తిరగడానికి జాగా కలిపినా రెండెకరాలు సరిపోతుంది. మొత్తం 949 ఎకరాల్లో రెండు. టెర్మినల్ కట్టి, కేంద్ర భద్రతా దళం కాపలా మొదలయ్యాక ఈ రెండెకరాలు అడిగితే ఎవరూ ఇవ్వలేరు. అప్పుడు ప్రతి మెకానిక్‌కూ, ప్రతి విద్యార్థికీ పాసు కావాలి, ప్రతి పానా తనిఖీ కావాలి. ముందే వేరే గేటు, రన్‌వే దాకా వేరే దారి (ట్యాక్సీవే), ఒక ఏవ్‌గ్యాస్ నిల్వ పెట్టేస్తే ఆ తిప్పలు చాలావరకు తగ్గుతాయి.

అది కుదరకపోతే రామగుండం దగ్గర బసంత్‌నగర్ ఉంది. సిమెంట్ ఫ్యాక్టరీ కోసం వేసిన ఆ పాత ఎయిర్‌స్ట్రిప్ మామునూరుకు 90 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పెద్ద విమానాలకు పనికిరాదన్న చోటు చిన్నవాటికి చక్కగా పనికొస్తుంది. ప్రయాణికుల విమానాలు రాని మైదానమే నిజానికి నేర్చుకునేవాళ్లకు మేలు. ఎయిర్‌బస్సు దిగేదాకా గాలిలో గిరికీలు కొడుతూ పెట్రోల్ తగలేయాల్సిన పని ఉండదు. ఆదిలాబాద్‌లో వైమానిక దళం భూమిలో ఉమ్మడి వాడకం గురించి మాటలు నడుస్తున్నాయి. అక్కడ కూడా ఇదే అడగొచ్చు. మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాద్ మూడు చోట్లా ఇంధనం, ఒక షెడ్డు, ఒక ఇంజినీర్ ఉంటే 225 కిలోమీటర్ల పొడవునా ఒక శిక్షణ దారి ఏర్పడుతుంది. ప్రైవేట్ లైసెన్స్‌కు అవసరమైన 150 నాటికల్ మైళ్ల (సుమారు 278 కిలోమీటర్ల) ఒంటరి ప్రయాణం, మధ్యలో రెండు చోట్ల దిగడం సహా, ఉత్తర తెలంగాణ దాటకుండానే పూర్తి చేయవచ్చు.